సూదికాయకము: పాత చీర నుండి పిల్లకు గౌను

బసవపురాణమున పాల్కురికి సోమనాథుడు చెప్పిన దాసయ్య కథ శరణ కుటుంబములకు తెలిసినదే. ఏండ్ల తరబడి శ్రమించి నేసిన వస్త్రమును జంగమరూపమున వచ్చిన శివుడు అడిగి పుచ్చుకొని, నేతగాని కన్నులయెదుటనే చించివేసెను. దాసయ్య కోపింపలేదు. నేతకు దాసయ్యయు, ఉతుకుటకు మడివాళ మాచయ్యయు ఉన్నట్లే కుట్టుటకును ఒక శరణుడు గలడు. పన్నెండవ శతాబ్దపు వచనకారులలో సూజికాయకద రామితండె దర్జీ వృత్తివాడు. సూజి యనగా సూది. అతని పేరు దాసయ్య పేరువలె తరచుగా వినబడదు గాని, అతని పనిముట్టు లేని యిల్లు లేదు.

రామకృష్ణాపూర్ వంటి బొగ్గుగనుల ఊరిలో ఆ పనిముట్టుకు పని కొదవ లేదు. కార్మికుల క్వార్టర్లలో బీరువా తెరచినచో కట్టని చీరలు దొంతరలుగా నుండును. 2017 మొదలు కొన్నేండ్లపాటు ప్రభుత్వము పంచిన, సిరిసిల్ల మరమగ్గములపై నేసిన బతుకమ్మ చీరలును వానిలో నుండును. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చు బేరము తెలుగువారందరును ఎరిగినదే. నాలుగు మంచి చీరలకు ఒక చిన్న గిన్నె వచ్చుట ఎట్టి లాభమో ఇల్లాలే లెక్క చూచుకొనవలెను. సింగరేణి సేవా సమితి కార్మిక కుటుంబముల స్త్రీలకు కుట్టుపని నేర్పుచు వచ్చినది గనుక ఈ ప్రాంతమున మిషను తొక్కగల చేతులును తక్కువ కావు.

పదేండ్ల బాలికకు అమ్మమ్మ నూలు చీరతో గౌను కుట్టవలె ననుకొందము. మొదట చీరను ఉతికి ఆరవేసి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడవలెను. పలుచబడినచోట వెలుగు ఎక్కువగా దూరును. తరువాత రెండు బొటనవ్రేళ్ళతో బట్టను ఇరువైపులకు లాగవలెను. పోగులు జరిగినచో ఆ భాగము కుట్టుకు నిలువదు. ఎంత అందముగా నున్నను విడిచిపెట్టవలసినదే. సాధారణముగా కుచ్చిళ్ళ దిగువ అంచు పాదములకు రాసుకొని ముందుగా నలుగును. లోపలి మొదటి చుట్టు ఎండ సోకక రంగు నిలుపుకొనును. కావున పైభాగమును, అనగా చాతి ముక్కలను, అచ్చటనే కత్తిరించుట మేలు. చీర పొడవునా పడుగు సాగును. చాతి ముక్కలకు ఆ పడుగు నిలువుగా రావలెను. లేనిచో బట్ట సాగి మెడ జారును. క్రింది కుచ్చుభాగమునకు అంచు అడుగున రావలెను గనుక పడుగు అడ్డముగా వచ్చును. కుచ్చులో అది దోషము కాదు. నడుము 22 అంగుళములైనచో దానికి మూడింతలు, అనగా 66 అంగుళముల పొడవు తీసికొన్నచో కుచ్చు నిండుగా నుండును. అయిదున్నర మీటర్ల చీరలో ఇది మూడవవంతు కన్న తక్కువే.

క్రొత్త బట్టకు అర అంగుళము విడుచు కుట్టుకు పాత బట్టలో ముప్పాతిక అంగుళము విడువవలెను. సిల్కు, పాలియెస్టరు చీరలైనచో ఇస్త్రీ వేడి తగ్గింపవలెను. కత్తిరించిన అంచులు ఊడకుండ వెంటనే మడచి కుట్టవలెను. పాలియెస్టరు బట్టలోనికి గాలి సరిగా చొరదు. రామగుండము, గోదావరిఖనుల వైపు ఎండ ఎట్టిదో చెప్పనక్కరలేదు! చాతికి పాత పంచెతో అస్తరు వేసినచో పిల్లకు చెమట బాధ తగ్గును. చొక్కాలనుండి ముక్కలు తీయదలచినవారు వీపుభాగమును చూడవలెను. మెడపట్టీ, చేతి చివరలు ముందు చినుగును గాని వీపు చాలకాలము గట్టిగా నుండును.

కత్తెర కన్న కష్టమైనది మరియొకటి గలదు. "పాత చీరతో కుట్టినారు" అని బడిలో తోటి పిల్లలు నవ్విన దినమున ఆ గౌను పెట్టె అడుగునకు చేరును. ఆ భయముచేత కొందరు తల్లులు బజారునుండి తెచ్చితిమని పిల్లతో చెప్పుదురు. ఆ అబద్ధము గౌను కన్న ముందే చినుగును. కత్తిరింపకముందే పిల్లను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఏ అంచు అడుగున రావలెనో, కొంగులోని ఏ పువ్వు జేబుపై రావలెనో ఆమెనే అడుగుట మంచిది. తాను ఎన్నుకొన్న బట్టను గూర్చి బిడ్డ తలవంచుకొనదు. పైగా ఇది మా అమ్మమ్మ చీర యని తానే చెప్పును.

పిల్ల పెరుగును గనుక అంచునకు కొంచెము పైన, లోపలివైపున అంగుళమున్నర లోతు మడత నొకటి కుట్టి యుంచవలెను. మరుసటి ఏడు దానిని విప్పినచో మూడు అంగుళముల పొడవు దొరకును. ఆ మడతలోని రంగు వెలియక యుండుటచే అడ్డముగా ఒక పట్టీ కనబడును. దానిపై సన్నని లేసు గాని, మిగిలిన అంచు ముక్క గాని కుట్టినచో కావలెనని పెట్టినట్లే యుండును. పనికిరాని పీలికలను బొంత కొరకు సంచిలో దాచుకొనవచ్చును.