లెక్కలోని బండ్లు, కదిలే బండ్లు

కాణిపాకం పక్క పల్లె మాది. సికింద్రాబాద్‌లో, సైన్యం బండ్లు బాగుచేసే ఈఎంఈ విభాగంలో శిక్షణ అయ్యాక నా సర్వీసు చాలామటుకు రష్యా బండ్ల కిందే గడిచింది. బీఎంపీ-2 కవచ వాహనాలు, టీ-72 ట్యాంకుల ఇంజిన్లు దించి ఎక్కించడమే నా పని. ఇప్పుడు వీధిలో పిలకాయలు సెల్‌ఫోన్ పట్టుకొచ్చి, "తాతా, మన హైదరాబాద్ ఆకాశ్ మిసైళ్లు ఆర్మేనియాకు పోతా ఉండాయంట, ఎక్కడుంది ఆ దేశం?" అని అడుగుతారు.

ఆర్మేనియా, విడదీయక ముందటి మన చిత్తూరు జిల్లాకు విస్తీర్ణంలో రెండింతలు ఉంటుంది. 2011 జనాభా లెక్కల్లో మన జిల్లాది 41 లక్షల పైమాట, ఆ దేశానిది 30 లక్షలు. సముద్రం లేదు కాబట్టి నౌకాదళం లేదు. 1991లో సోవియట్ యూనియన్ నుంచి విడిపోయింది. దాని సైన్యం ఎట్లా ఏర్పడింది, ఎక్కడ దెబ్బతింది అని చదివితే మా వర్క్‌షాపులో రోజూ చూసిన సంగతులే ఒక దేశమంత పెద్దవిగా కనిపించాయి. పిలకాయలకు చెప్పినవే వరసపెట్టి రాస్తున్నాను.

1. ఆయుధం వారసత్వంగా వస్తుంది, దాన్ని చేసిన ఫ్యాక్టరీ రాదు

సోవియట్ దళాలు వదిలిన సామాన్లలో వాటాతోనే ఆర్మేనియా సైన్యం మొదలైంది. 1992 జనవరి 28న సొంత రక్షణశాఖ పెట్టుకున్నారు. ఆ తేదీనే ఇప్పటికీ సైనిక దినం జరుపుకుంటారు. ఐరోపా ఆయుధ పరిమితి ఒప్పందం కింద ఆర్మేనియా, అజర్‌బైజాన్, జార్జియా మూడింటికీ ఒకే గీత గీశారు: 220 ట్యాంకులు, 220 కవచ వాహనాలు, 285 ఫిరంగులు, 100 యుద్ధ విమానాలు, 50 దాడి హెలికాప్టర్లు.

బండ్లు వచ్చాయి సరే, టీ-72 చేసే నిజ్నీ తగిల్, బీఎంపీ చేసే కుర్గాన్ రెండూ రష్యాలోనే ఉండిపోయాయి. గేర్‌బాక్సులో ఒక పళ్లచక్రం అరిగినా ఇంకో దేశాన్ని అడగాల్సిందే. సోవియట్ కూలాక ఆ సెగ మనకూ తగిలింది. మన ఏఎన్-32 విమానం తయారైన కీవ్ ఉక్రెయిన్‌కు పోయింది, ట్యాంకుల ఊరు రష్యాలో మిగిలింది. అయినా మనం తట్టుకున్నామంటే, మద్రాసుకు రైల్లో పోయేటప్పుడు తగిలే ఆవడిలో టీ-72లు, మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో 'శరత్' పేరుతో బీఎంపీ-2లు అప్పటికే తయారవుతుండటమే కారణం. ఎద్దుమైలారంలో ఆ ఫ్యాక్టరీని 1984లో పెట్టారు. చిన్న దేశానికి అంత వసతి ఉండదు. అందుకే బండి కొనే రోజే పదేళ్ల విడిభాగాలకు డబ్బు పక్కన పెట్టాలి.

2. మనిషిని తగ్గించే యంత్రం, పనిని తగ్గించదు

  టీ-72లో కమాండర్, గన్నర్, డ్రైవర్, ముగ్గురే. గుండు ఎక్కించే పని యంత్రానిది. అడుగున గుండ్రంగా తిరిగే ట్రేలో 22 గుళ్లు పడతాయి. ఒక మనిషి కలిసొచ్చాడని కాగితం మీద లెక్క వేసినవాడు సంతోషిస్తాడు. 41 టన్నుల బండికి బురదలో ట్రాక్ ఊడినప్పుడు ఆ నాలుగో మనిషి ఎక్కడున్నాడని మేము వెతుక్కుంటాం. రాత్రి కాపలా, డీజిల్ నింపడం, గన్ శుభ్రం చేయడం, అన్నీ ఆ ముగ్గురి మీదే పడతాయి.

ఆర్మేనియా తన భూసైన్యాన్ని ఐదు కోర్‌లుగా విడదీసింది. కోర్ అనే మాట వినడానికి పెద్దదే. యుద్ధం వస్తే రిజర్విస్టులను పిలిచి నింపుకోవాలన్న సోవియట్ ఆలోచన దాని వెనక ఉంది. కానీ ఇంటికెళ్లి ఏళ్లు గడిచిన రిజర్విస్టుకు బండి చప్పుడు గుర్తుంటుంది, చెయ్యి మాత్రం మర్చిపోతుంది. యూనిట్ బలాన్ని రిజిస్టరులోని పేర్లతో కొలవకూడదు. ఈ రోజు పిలిస్తే వచ్చి బండి నడపగలిగిన వాళ్లతో కొలవాలి.

3. హవల్దార్ లేని సైన్యానికి జ్ఞాపకశక్తి ఉండదు

సోవియట్ పద్ధతిలో సిపాయి తప్పనిసరి సేవకు వచ్చి రెండేళ్లకు పోతాడు. అనుభవమున్న పని అంతా ఆఫీసరు నెత్తిన పడుతుంది. ఆర్మేనియా కూడా చాలాకాలం ఆ దారినే నడిచింది. మన దగ్గర హవల్దార్, నాయబ్ సుబేదార్, సుబేదార్ అనే వరస ఉంది. ఆఫీసరు రెండు మూడేళ్లకు బదిలీ అవుతాడు, సుబేదార్ సాబ్ ఉంటాడు.

రాజస్థాన్ ఇసుకలో ఎయిర్ ఫిల్టరు ఎప్పుడు దులపాలో పుస్తకంలో గంటల లెక్కన ఉంటుంది. తుపాను లేచిన రోజు ఆ గంటలు పనిచేయవని చెప్పేది పాత హవల్దారే. లద్దాఖ్ చలిలో హీటరుతో ఇంజిన్ వేడెక్కించకుండా స్టార్టరు నొక్కబోయే కుర్రాడి చెయ్యి పట్టుకునేదీ ఆయనే. ఆర్మేనియా కొండల్లోనూ అంతే చలి. రెండేళ్ల కుర్రాడు మొదటి శీతాకాలం నేర్చుకుంటాడు, రెండోది నేర్పే లోపల ఇంటికి పోతాడు. 2020లో అజర్‌బైజాన్‌తో యుద్ధం జరిగాక వాళ్లు జీతం మీద ఎక్కువకాలం ఉండే సైనికులను పెంచుకోవాలని చూడటం సరైన దారి.

4. సగం కొన్న ఆయుధం మొత్తం ఖర్చే

2016 సెప్టెంబరులో, స్వాతంత్ర్యం వచ్చి 25 ఏళ్లయిన సందర్భంగా రాజధాని యెరవాన్ పరేడులో ఇస్కందర్ మిసైళ్లు చూపించారు. 2019 చివర్లో రష్యా నుంచి నాలుగు సుఖోయ్-30 ఎస్‌ఎం విమానాలు దిగాయి. మరుసటి ఏడాదే యుద్ధం వచ్చింది. ఆ విమానాలు పోరులో అక్కరకు రాలేదు. వాటికి మిసైళ్లు కొనలేదని 2021లో ప్రధాని పషిన్యానే ఒప్పుకున్నాడు. వెయ్యి అడుగుల బోరు వేయించి, మోటారు కొనకుండా ఇంటికి పోయినట్టయింది.

విమానం ధర అందరికీ కనబడుతుంది. దాని మిసైలు, సిమ్యులేటరు, టెస్ట్ బెంచి, మెకానిక్ శిక్షణ కనబడవు. వర్క్‌షాపు మనిషిగా నేను చెప్పేది ఒక్కటే, బిల్లులో ఈ నాలుగూ లేకపోతే ఆ కొనుగోలు ఇంకా పూర్తి కాలేదు.

5. పైన చూసేవాడు మారాడు, దాక్కునే పద్ధతీ మారాలి

2020 సెప్టెంబరు 27 నుంచి నవంబరు 10 వరకు, 44 రోజులు కరబఖ్ అనే కొండ ప్రాంతం కోసం అజర్‌బైజాన్‌తో యుద్ధం జరిగింది. టర్కీ బైరక్తార్ టీబీ-2 డ్రోన్లు, ఇజ్రాయెల్ హారోప్ డ్రోన్లు ఆకాశంలో తిరిగాయి. అజర్‌బైజాన్ ఇంకో ఉపాయం కూడా పన్నింది. పొలాల మీద మందు చల్లే పాతకాలపు ఏఎన్-2 రెండు రెక్కల విమానాలను మనిషి లేకుండా ముందుకు తోలింది. వాటిని కొట్టడానికి ఆర్మేనియా రాడార్లు ఆన్ కాగానే అవి ఎక్కడున్నాయో బయటపడింది. ఫిరంగులు, ట్యాంకులు గుంతల్లో ఉన్నా పైనుంచి తెరిచిన పెట్టెలే అయ్యాయి.

మా కాలంలో కామఫ్లాజ్ నెట్ అంటే ఎదుటి గుట్ట మీద దుర్భిణి పట్టుకున్న మనిషి కోసం. ఇప్పుడు వేడిని చూసే కెమెరా నెత్తిమీద ఉంది. ఇంజిన్ ఆపినా గంటసేపు పొగగొట్టం వేడి చల్లారదు. ఇసుకలో ట్రాక్ గీతలు బండి దగ్గరకే దారి చూపిస్తాయి. కాబట్టి బండ్లను విడదీసి నిలపాలి, గీతలు చెరపాలి, ఉత్తుత్తి బండ్లు పెట్టాలి. రిపేరు బండిని కూడా దాచాలి. అది పోతే మిగతావి ఆగిపోతాయి.

6. కొనడం ఒక ఏడాది పని, చేయడం ఒక తరం పని

ఆ యుద్ధంలో ఓడిపోయాక ఆర్మేనియా రష్యా ఒక్కదాని మీద ఆధారపడటం తగ్గించుకుంది. శత్రువు గుండు ఎక్కణ్ణుంచి వచ్చిందో పట్టే స్వాతి రాడార్లకు యుద్ధానికి ముందే, 2020లోనే మనతో ఒప్పందమైంది. 2022లో 12 గొట్టాల పినాక రాకెట్లకు ఒప్పందం చేసుకుంది. ఆకాశ్ కూడా కొంది. దాని మొదటి బ్యాటరీ 2024 నవంబరులో వెళ్లిందని వార్తలొచ్చాయి.

ఆ ఆకాశ్ వెనక హైదరాబాద్‌లోని డీఆర్‌డీఎల్ ప్రయోగశాల, బీడీఎల్ ఫ్యాక్టరీల కష్టం ఉంది. 1983లో మొదలైన సమగ్ర క్షిపణి కార్యక్రమంలో అదొక బిడ్డ. సైన్యం చేతికి వచ్చింది 2015లో. అదే కార్యక్రమంలో పుట్టిన త్రిశూల్ మధ్యలోనే ఆగిపోయింది. ముప్పై రెండేళ్ల ఓపికకు వచ్చిన ఫలం ఇప్పుడు ఇంకో దేశం ఆకాశాన్ని కాస్తోంది. చిన్న దేశం అన్నీ తయారు చేయలేదు. తన ట్యాంకు ట్రాక్ ప్యాడ్లు, బ్యాటరీలు, ఫిల్టర్లు, చిన్న డ్రోన్లు అయినా తానే చేసుకుంటే సగం పరాధీనత పోతుంది.

7. రకాలు పెరిగితే స్టోర్‌మ్యాన్‌కు చుక్కలే

ఇప్పుడు వాళ్ల గోదాములో సోవియట్ 122, 152 మిల్లీమీటర్ల గుళ్లున్నాయి. పినాక రాకెట్టు 214. ఫ్రాన్స్‌తో 2024లో ఒప్పందమైన 36 సీజర్ ఫిరంగులకు 155 కావాలి. 152 గుండు 155 గొట్టంలో పనికిరాదు. పేల్చే పట్టికలు, ట్రక్కులు, పానాలు, మాన్యువళ్ల భాషలు, అన్నీ వేరు. మనకూ 130 మిల్లీమీటర్ల రష్యా ఎం-46లు ఒక పక్క, 155 బోఫోర్స్ ఇంకో పక్క ఉండేవి. చివరికి ఎం-46లకే 155 గొట్టం బిగించి శారంగ్ చేశారు. నలుగురు అమ్మేవాళ్లుంటే ఎవరూ మెడ పట్టుకోలేరు, నిజమే. ఆ స్వేచ్ఛకు స్టోర్‌మ్యాన్ చెల్లించే ధర కూడా లెక్కలో వేసుకోవాలి.

8. రిపోర్టులో అబద్ధం, శత్రువు కంటే ముందు దెబ్బ కొడుతుంది

మా ఊళ్లో తగువు తెగకపోతే కాణిపాకం పోదాం రా అంటారు. గుడి కోనేట్లో మునిగి, వరసిద్ధి వినాయకుడి ముందు తడిబట్టలతో ప్రమాణం చేయాలి. గుడిమెట్లు ఎక్కకముందే నిజం కక్కేసేవాళ్లు ఎక్కువ. వర్క్‌షాపులో ఆ భయం వాహనం లాగ్ బుక్ దగ్గర ఉండాలి. ఇన్‌స్పెక్షన్ వస్తోందంటే ఆఫ్ రోడ్ బండికి, అంటే పాడై నడవని బండికి, రంగేసి వరసలో నిలబెట్టాలని ఎవరికైనా బుద్ధి పుడుతుంది. ఆ వరస చూసి పైవాడు ప్లాను గీస్తాడు, ఆ ప్లాను నమ్మి కింద కుర్రాళ్లు కదులుతారు. ఆఫ్ రోడ్ అని ధైర్యంగా రాసినవాణ్ణి తిట్టని ఆఫీసరే మంచి ఆఫీసరు. తిడితే మరుసటి నెల నుంచి అన్ని బండ్లూ కాగితం మీద కదులుతాయి.

కాబట్టి పిలకాయలూ, ఏ దేశానికి ఎన్ని ట్యాంకులని టీవీలో చదివితే మూడు అడగండి. ఈ రోజు వాటిలో ఎన్ని స్టార్టవుతాయి? ఒక్కోదానికి ఎన్ని గుళ్లున్నాయి? నడిపేవాడు చివరిసారి ఎప్పుడు నడిపాడు? మన సైన్యం గురించీ ఇవే అడగండి, తప్పులేదు. మీలో ఫౌజులో చేరాలనుకునేవాళ్లు ఐటీఐలో డీజిల్ మెకానిక్కో, ఎలక్ట్రానిక్సో నేర్చుకొని పోండి. ఆ మూడు ప్రశ్నల్లో మొదటిదానికి జవాబు చెప్పాల్సింది మీరే.