తనను తానే తర్జుమా చేసుకొనే భాష

ప్రోగ్రాము రచన నేర్చుకొనే విద్యార్థికి మొదటి రోజున మేము చెప్పే మాట ఒకటి ఉంది. “నీవు వ్రాసినది యంత్రానికి నేరుగా అర్థం కాదు. దానిని యంత్రభాషలోనికి తర్జుమా చేసే ప్రోగ్రాము వేరే ఉంటుంది. దాని పేరు కంపైలర్.” ఇంత చెప్పి తరువాతి పాఠానికి సాగిపోవడం మాకు అలవాటు. నెల్లూరు జిల్లా తీరంలోని జువ్వలదిన్నె నుండి మా తరగతికి వచ్చే విద్యార్థి ఒకడు మమ్మల్ని అలా సాగిపోనివ్వలేదు. “సార్, కంపైలర్ కూడ ప్రోగ్రామే కదా! దానిని ఏ భాషలో వ్రాశారు?” అని అడిగాడు. కొన్ని భాషల కంపైలర్లను ఆ భాషలలోనే వ్రాస్తారని చెప్పాము. “అయితే దానిని తర్జుమా చేసినది ఎవరు?” అన్నాడు. తరగతి నవ్వింది. మేమూ నవ్వాము. గంట మ్రోగడంతో ఆనాటికి బయటపడ్డాము. కాని అది నవ్వి వదలవలసిన ప్రశ్న కాదు. నాడు చెప్పలేకపోయిన సమాధానాన్ని ఈ వ్యాసరూపంలో చెల్లించుకొంటున్నాము.

కంపైలర్ చేసే పని

మొదట కంపైలర్ ఏమి చేస్తుందో చూద్దాం. విద్యార్థి ‘2 + 3 × 4’ అని వ్రాశాడనుకొందాం. కంపైలర్ ముందుగా ఈ అక్షరాల వరుసను పదాలుగా విడదీస్తుంది. ఇక్కడ మూడు సంఖ్యలు, రెండు గుర్తులు, మొత్తం అయిదు పదాలు. తరువాత వ్యాకరణాన్ని అనుసరించి వాటి సంబంధాన్ని నిర్ణయిస్తుంది. గుణకారం ముందు, సంకలనం తరువాత అనే నియమం ఇక్కడే అమలవుతుంది. చివరగా యంత్రానికి ఆజ్ఞలు వ్రాస్తుంది: 2ను దొంతరపై పెట్టు, 3ను పెట్టు, 4ను పెట్టు, పై రెండింటిని గుణించు, మిగిలిన రెండింటిని కూడు. ఫలితం 14. పదవిభజన, వాక్యవిశ్లేషణ, ఆజ్ఞారచన అనే ఈ మూడు మెట్లు ఎంత పెద్ద కంపైలర్‌లోనైనా ఉంటాయి.

ఇందులో మాయ ఏమీ లేదు. అక్షరాలను చదివి వేరే అక్షరాలను వ్రాసే పని ఇది. కనుక ఏ భాషలోనైనా కంపైలర్‌ను వ్రాయవచ్చు, ఆ భాషలో కూడ వ్రాయవచ్చు. చిక్కు వ్రాయడంలో లేదు, మొదటిసారి నడిపించడంలో ఉంది.

మొదటి తోడు ఎక్కడిది?

ఈ చిక్కు మన వంటింటిలో ఎరిగినదే. పాలు పెరుగు కావాలంటే తోడు వేయాలి. తోడు అంటే నిన్నటి పెరుగు. నిన్నటి పెరుగుకు మొన్నటిది. మరి మొట్టమొదటి పెరుగుకు తోడు ఎక్కడిది? పెద్దవారు దీనికి ఉపాయం చెబుతారు. ఇంట్లో తోడు లేని రోజున గోరువెచ్చని పాలలో మిరపకాయ తొడిమలు వేస్తే పాలు తోడుకొంటాయి. ఆ పెరుగు అంత గట్టిగా ఉండకపోవచ్చు. కాని దానిని తోడుగా వేసి మరునాడు మంచి పెరుగు చేసుకోవచ్చు. అటుపైన తొడిమల అవసరం ఉండదు.

కంపైలర్ నిర్మాతలు చేసేది ఇదే. కొత్త భాషకు మొదటి కంపైలర్‌ను అప్పటికే ఉన్న వేరే భాషలో వ్రాస్తారు. అది తొడిమ. తరువాత కంపైలర్‌ను కొత్త భాషలోనే తిరిగి వ్రాసి, ఆ మూలరచనను తొడిమ కంపైలర్‌కు ఇస్తారు. వచ్చినది ఒకటవ కంపైలర్. ఇప్పుడు అదే మూలరచనను ఒకటవ కంపైలర్‌కు ఇస్తే రెండవది, రెండవదానికి ఇస్తే మూడవది వస్తాయి. ఒకటవది తొడిమ కంపైలర్ చేతి పని. కనుక దానికి, రెండవదానికి ఆజ్ఞల కూర్పులో తేడా ఉండవచ్చు. రెండవది, మూడవది మాత్రం ఒకే మూలరచన నుండి, ఒకే పద్ధతిలో పుట్టినవి. అవి బైటు బైటుకూ సరిపోవాలి. సరిపోకపోతే ఎక్కడో తప్పు దాగి ఉన్నదన్నమాట. ప్రసిద్ధమైన జి.సి.సి. కంపైలర్‌ను కట్టేటప్పుడు నేటికీ ఈ మూడు మెట్ల పరీక్ష జరుపుతారు.

చరిత్రలో కొన్ని ఉదాహరణలు

తనను తానే తర్జుమా చేసుకొన్న తొలి కంపైలర్లలో 1958 నాటి నెలియాక్ ఒకటి. 1962లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో టిమ్ హార్ట్, మైక్ లెవిన్ అనువారు లిస్ప్ భాషకు కంపైలర్‌ను లిస్ప్‌లోనే వ్రాశారు. అప్పటికే లిస్ప్‌ను వాక్యం తరువాత వాక్యంగా అమలు జరిపే ఇంటర్‌ప్రెటర్ ఉన్నది. కంపైలర్‌ను దానిలో నడిపించి, దానిచేతనే దానిని తర్జుమా చేయించారు. లిస్ప్ సృష్టికర్త జాన్ మెకార్తీ వద్ద స్టాన్‌ఫర్డ్‌లో 1966లో డాక్టరేటు పొందిన రాజ్ రెడ్డి శ్రీకాళహస్తి దగ్గరి కాటూరులో 1937లో జన్మించినవారు. వీరికి 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి ట్యూరింగ్ పురస్కారం లభించింది. ఈ విద్య మనకు అందరాని దూరంలో లేదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

పాస్కల్ భాష కథ విద్యార్థులకు మరింత ఉపయోగకరం. నిక్లాస్ విర్త్ బృందం మొదట ఫోర్ట్రాన్‌లో కంపైలర్ వ్రాయబోయి విఫలమైంది. అప్పుడు కంపైలర్‌ను పాస్కల్‌లోనే వ్రాసి, దానిని యంత్రానికి దగ్గరైన వేరొక భాషలోనికి చేతితో తర్జుమా చేశారు. తొడిమ కంపైలర్ లేనిచోట మనిషే తొడిమ అయినాడన్నమాట. 1970లో పాస్కల్ కంపైలర్ పనిచేయసాగింది. ఇటీవలి కాలంలో రస్ట్ భాషకు ఓకామెల్ భాష తొడిమ అయింది. 2011లో రస్ట్ తన కాళ్లపై తాను నిలిచింది. గో భాష కంపైలర్ 2015 వరకు సి భాషలో ఉండి, ఆ సంవత్సరం గో భాషలోనికే మారింది.

కొత్త యంత్రాల సంగతి కూడ ఇటువంటిదే. హైదరాబాదులో 1967లో స్థాపించబడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ టి.డి.సి. పేరుతో స్వదేశీ కంప్యూటర్లను నిర్మించింది. ఏ కొత్త యంత్రమైనా పుట్టిననాడు దానికి ఏ భాషా రాదు. మొదటి మాట ఎవరో ఒకరు యంత్రభాషలో వ్రాయాలి, లేదా వేరే యంత్రంపై తర్జుమా చేసి తేవాలి.

ప్రతి భాషా ఇలా తన కంపైలర్‌ను తానే మోయాలనే నియమం లేదు. ఎక్కువమంది వాడే పైథాన్ అమలురూపం సి భాషలో ఉన్నది. తమిళ పదాలతో రూపొందిన ఎళిల్ అనే భాషను పైథాన్‌లో నిర్మించారు. అయితే తన కంపైలర్‌ను తానే వ్రాసుకోగల భాష ఒక పెద్ద పరీక్షలో నెగ్గినట్లే.

చెడు తోడులో ఉంటే?

ఇక్కడ ఒక ఆందోళన కలుగుతుంది. తోడుకు చేదు సోకితే, ఎంత మంచి పాలు తెచ్చినా పెరుగు చేదెక్కుతుంది. ఆ పెరుగు మరునాటి తోడు కనుక చేదు తరతరాలకూ సాగుతుంది. 1983 ట్యూరింగ్ పురస్కార గ్రహీత కెన్ థాంప్సన్ తన ప్రసంగంలో ఈ ప్రమాదాన్నే వివరించాడు. అది 1984లో ప్రచురితమైంది. వాడుకరుల రహస్యపదాన్ని పరీక్షించే ప్రోగ్రాము ఎదురైనప్పుడు దొంగదారి ఒకటి చొప్పించేలా కంపైలర్‌ను మార్చవచ్చు. తన మూలరచనే ఎదురైనప్పుడు ఈ మోసాన్ని తిరిగి చొప్పించేలా కూడ మార్చవచ్చు. ఆ తరువాత మూలరచన నుండి మోసాన్ని తుడిచివేసినా అది కంపైలర్‌లో బ్రతికే ఉంటుంది. మూలరచనను ఎంత పరిశీలించినా కనబడదు. పైన చెప్పిన మూడు మెట్ల పరీక్ష కూడ దీనిని పట్టుకోలేదు. రెండవదానిలోని చేదే మూడవదానిలోనూ ఉంటుంది కదా!

దీనికి విరుగుడు పొరుగింటి తోడు. డేవిడ్ వీలర్ 2005లో ప్రతిపాదించిన పద్ధతి సారాంశమిది. అనుమానం ఉన్న కంపైలర్ మూలరచనను, సంబంధంలేని వేరొక కంపైలర్‌తో తర్జుమా చేయాలి. వచ్చిన దానితో అదే మూలరచనను మరల తర్జుమా చేయాలి. ఆ ఫలితం మొదటి కంపైలర్‌తో బైటు బైటుకూ సరిపోతే, పొరుగింటి తోడులో సరిగ్గా అదే చేదు లేనంతవరకు నిశ్చింతగా ఉండవచ్చు. మరొక మార్గం తొడిమను చిన్నది చేయడం. గ్నూ గిక్స్ బృందం 2023లో 357 బైట్ల బీజం నుండి మొదలుపెట్టి మెట్టు మెట్టుగా జి.సి.సి. వరకు కట్టి చూపింది. ఆ పనిని నడిపించడానికి ఇతర ప్రోగ్రాములు అవసరమైనప్పటికీ, 357 బైట్లను మనిషి కూర్చుని చదవగలడు. అదే ఆ కృషి విలువ.

ఎడిటర్ బాధ్యత

కంపైలర్ ఒక్కటి చాలదు. మనిషి ప్రోగ్రాము వ్రాసేది ఎడిటర్‌లో. తప్పును అక్కడికక్కడే చూపడం, పేరు ఎక్కడ నిర్వచించబడిందో చెప్పడం, సగం పదానికి మిగతా సగం సూచించడం దాని పనులు. ఇవి కంపైలర్ పనులకంటె ఒక విధంగా కష్టం. కంపైలర్ తప్పున్న ప్రోగ్రామును తిరస్కరించి ఊరుకోవచ్చు. ఎడిటర్ ముందు ఉండేది ఎప్పుడూ సగం వ్రాసిన ప్రోగ్రామే.

పూర్వం ప్రతి భాషకూ ప్రతి ఎడిటర్‌లోనూ ఈ ఏర్పాటు విడిగా చేయవలసి వచ్చేది. అయిదు భాషలు, నాలుగు ఎడిటర్లు ఉంటే ఇరవై నిర్మాణాలు. 2016లో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ ఈ రెంటికీ మధ్య ఉమ్మడి సంభాషణ పద్ధతిని ఏర్పరచింది. ఇప్పుడు భాషకొకటి, ఎడిటర్‌కొకటి చొప్పున తొమ్మిది నిర్మాణాలు చాలు. కంపైలర్‌లోని విశ్లేషణ భాగాన్నే సర్వర్ వాడుకొంటే, ఎడిటర్ ఒకటి చెప్పి కంపైలర్ మరొకటి చెప్పే వైరుధ్యం తప్పుతుంది.

మన రెండు లిపుల సంగతి

తెలుగు, ఉర్దూ చదివే కళాశాలవారమైన మనం ఇక్కడ ఆగి చూడాలి. ‘జువ్వలదిన్నె’ అనే పేరునే తీసుకోండి. మన కంటికి అయిదు అక్షరాలు: జు, వ్వ, ల, ది, న్నె. గుణింతపు గుర్తులు, పొల్లులు విడివిడిగా లెక్కించే యూనికోడ్‌కు పన్నెండు సంకేతాలు. యు.టి.ఎఫ్. 8 పద్ధతిలో నిలువచేస్తే ముప్పది ఆరు బైట్లు. కంపైలర్ బైట్లు లెక్కించి, ఎడిటర్ సంకేతాలు లెక్కిస్తే, తప్పు ఒకచోట ఉంటే ఎర్రగీత వేరొకచోట పడుతుంది. తెలుగులో వ్రాసిన విద్యార్థి తప్పు తనదే అనుకొని తెలుగును వదులుకొంటాడు. నిజానికి తప్పు లెక్కలో ఉన్నది.

పైథాన్ మూడవ తరం ‘జువ్వలదిన్నె’ను చరరాశి పేరుగా అంగీకరిస్తుంది. కాని ‘రాజ్‌కుమార్’ వంటి పేరులో పొల్లు విడిగా కనబడడానికి మనం వేసే కంటికి కనబడని విడదీత సంకేతాన్ని తిరస్కరిస్తుంది.

ఉర్దూ కుడి నుండి ఎడమకు నడుస్తుంది. నిలువచేసే వరుస వేరు, తెరపై చూపే వరుస వేరు. దిశను మార్చే అదృశ్య సంకేతాలను దుర్వినియోగపరచి, మనిషికి ఒకలా, కంపైలర్‌కు మరొకలా కనబడే ప్రోగ్రాములు వ్రాయవచ్చునని కేంబ్రిడ్జిలోని నికొలస్ బౌచర్, రాస్ ఆండర్సన్ 2021లో నిరూపించారు. ఆ తరువాత రస్ట్, జి.సి.సి. వంటివి అటువంటి సంకేతాలు కనబడితే హెచ్చరించసాగాయి. ఇందులో దోషం ఉర్దూ లిపిది కాదు, అదృశ్య సంకేతాలను చూపని పనిముట్లది. ఈ భేదం తెలియనివారు పనిముట్లు చేస్తే మొత్తం లిపినే అనుమానిస్తారు. తెలిసినవారు చేయాలి. వారు మన విద్యార్థులే ఎందుకు కాకూడదు?

మా విన్నపం

విద్యార్థులారా! సంఖ్యలు, చరరాశులు, ఒక షరతు, ఒక ఆవృత్తి మాత్రమే ఉన్న చిన్న భాషను ఊహించండి. దానికి పైథాన్‌లో కంపైలర్ వ్రాయండి. అక్షరమాలలు, ఉపప్రోగ్రాములు చేర్చిన తరువాత అదే కంపైలర్‌ను మీ భాషలో తిరిగి వ్రాసి, రెండవదానిని మూడవదానితో పోల్చండి. తప్పును చూపేటప్పుడు తెలుగు పేరుపైన, ఉర్దూ పేరుపైన గీత సరిగా పడుతున్నదో లేదో పరీక్షించండి. కళాశాల కమిటీవారిని మేము కోరేది ఒక్కటే. ప్రయోగశాలలో వారానికి ఒక పూట ఈ పనికి కేటాయించి, పరీక్షల మార్కులతో సంబంధం లేకుండ తప్పులు చేసే స్వేచ్ఛ ఇవ్వవలసినది.

జువ్వలదిన్నె విద్యార్థికి మా సమాధానం ఇది: “నాయనా, మొదటి తర్జుమా ఒక మనిషి చేశాడు. చేతితో చేశాడు. ఆ తరువాతి వాటిని మనం నమ్ముతున్నాము. ఎంతవరకు నమ్మాలో తెలియాలంటే నీవు ఒకసారి చేతితో చేసి చూడాలి.” ఈసారి గంట మ్రోగినా మేము తరగతి విడిచి వెళ్లము.