తప్పు వేరు, బిల్లు వేరు

ఉట్నూర్



అల్లుడా, నువ్వు పంపిన ఫొటోలు, నువ్వు గుద్దిన బండాయన ఇచ్చిన ఎస్టిమేట్ కాయితం నిదానంగా చూసిన. రెండు బండ్లలో ఉన్నోళ్లెవరికీ దెబ్బ తగల్లేదు, అన్నిటికన్నా పెద్ద సంగతి అదే. "బంపర్ పగిలినందుకు 41,600 అడుగుతున్నడు, నేను హైదరాబాద్ వచ్చేసిన కదా, ఇంక ఆయన ఫోన్ ఎత్తను" అని రాసినవు. ఆ పని మాత్రం చెయ్యకు. ఫోన్ ఎత్తు. ఎత్తినంక ఏం మాట్లాడాలె, ఏం చూడాలె, ఎంత ఇయ్యాలె అన్నది చెప్పడానికే ఈ ఉత్తరం. ఇన్సూరెన్స్ సర్వేయర్‌గా ఉద్యోగమంతా గుద్దుకున్న బండ్లనే చూసిన మనిషిని నేను. ఫోన్‌లో చెప్తే సగం మరిచిపోతవు. కాయితం మీదుంటే ఆయనతో కూర్చునే ముందు ఇంకోసారి చదువుకుంటవు.

ముందు ఒక మాట గట్టిగా పట్టుకో. ఇసొంటి పంచాయితీలో రెండు ప్రశ్నలుంటయి: తప్పెవరిది, నష్టమెంత. ఈ రెండిటినీ కలిపితేనే గొడవ ముదురుతది. తప్పు నీది కాబట్టి కాయితం మీద ఎంత రాస్తే అంత నువ్వు కట్టాలె అని ఆయన అనుకుంటున్నడు. బిల్లు ఎక్కువేసిండు కాబట్టి తప్పు కూడా ఆయనదే అని నువ్వు అనుకుంటున్నవు. ఇద్దరూ ఒకటే తీరుగా పొరబడుతున్నరు. తప్పు ఒప్పుకుంటే బిల్లంతా ఒప్పుకున్నట్టు కాదు. బిల్లు సరిచూస్తనంటే తప్పు తోసేసుకున్నట్టూ కాదు. ఒకటి తేలినంకనే ఇంకోటి ఎత్తుకోవాలె.

తప్పు సంగతి మొదలు చూద్దాం. ఇంద్రవెల్లి తొవ్వలో పశువులు అడ్డమొచ్చినయి, ముందు బండాయన బ్రేకేసిండు, నువ్వు వెనుక నుంచి తగిలినవు. "ఉన్నట్టుండి బ్రేకేస్తే నేనేం చేస్త" అంటున్నవు. 2017లో కేంద్రం తెచ్చిన డ్రైవింగ్ నిబంధనల్లో ఈ మాటకు జవాబున్నది. ముందు బండి ఉన్నట్టుండి ఆగినా తగలకుండా ఉండేంత దూరం వెనుక బండి నడిపేటోడే ఉంచుకోవాలె. మన ఏజెన్సీ రోడ్ల మీద పశువు అడ్డం రావడం రోజూ ఉండేదే. ఆయన బ్రేకేసి పశువును కాపాడిండు, అది తప్పు కాదు. కాబట్టి ఈ ప్రశ్న ఇక్కడితో మూసేయి. ఆయనతో మాట్లాడేటప్పుడు బ్రేకు మాట ఎత్తనే ఎత్తకు.

ఇక బిల్లు. ముందుగా, నువ్వు బిల్లు అంటున్నది బిల్లు కాదు. కాయితం పైన చూడు, ఎస్టిమేట్ అని ఉన్నది. పని ఇంకా మొదలు కాలేదు. ఎస్టిమేట్ అంటే షెడ్డాయన ముందుగా వేసుకున్న అంచనా, అంతే. బండి విప్పి చూసినంక పెరగొచ్చు, తగ్గొచ్చు. మాట్లాడుకోవడానికి ఇదే సరైన సమయం. పని అయిపోయి, పాత సామాను చెత్తలో పడ్డాక మాట్లాడితే ఎవరి దగ్గరా ఆధారం ఉండదు.

అందులో ఐదు వరుసలున్నయి. కొత్త బంపర్ 7,200. వెనుక లైట్లు రెండు, 6,800. డిక్కీ డోర్ కొత్తది 14,600. పెయింటింగ్ 9,000. లేబర్ 4,000. మొత్తం చూసి గుండెలు బాదుకోకు, ఒక్కో వరుస ఫొటో పక్కన పెట్టి చూడు.

బంపర్ ఎడమ దిక్కు పగిలింది, బిగించే లాకులు కూడా విరిగినయి. చిన్న పగులైతే ప్లాస్టిక్ వెల్డింగ్‌తో అతికిస్తరు కానీ, లాకు విరిగితే బంపర్ నిలవదు, ఊగుతనే ఉంటది. కొత్తది వేయడం న్యాయమే. లైటు ఎడమది పగిలింది, కుడిది మంచిగనే ఉన్నది. ఒకటి ఇస్తే చాలు, 3,400. డిక్కీ డోర్ కింది అంచున అరచేయంత సొట్ట ఉన్నది. డోర్ సరిగ్గా పడుతున్నదా, లాకు పడుతున్నదా అని ఆయన్ని అడుగు. పడుతున్నదంటే డోర్ మార్చే పని లేదు, డెంటింగ్‌తో సాపవుతది. మన దగ్గరి షెడ్డులో దానికి 2,500 అనుకో. రేకు మడత పడినా, చిరిగినా, ఫ్రేమ్ కదిలినా అప్పుడు మార్చాలె. ఆ నిర్ణయం ఫొటో చూసి చేసేది కాదు, డోర్ తెరిచి మూసి చూడాలె.

పెయింటింగ్ లెక్కలో బంపర్, డిక్కీతో పాటు ఎడమ పక్క రేకు కూడా కలిపిండ్రు. ఆ పక్క రేకు మీది గీత ఫొటో పెద్దగా చేసి చూడు. లోపల గోధుమ రంగు తుప్పు కనిపిస్తున్నది. కొత్త దెబ్బలో రేకు మెరుస్తది, పెయింట్ అంచులు పదునుగా ఉంటయి. తుప్పు పట్టి, దుమ్ము పేరుకుని, అంచులు మొద్దుబారితే అది పాత గీత. పైగా నీ బండి తగిలింది వెనుక నుంచి, ఆ గీత పక్కన ముందు నుంచి వెనక్కి పోయింది. దెబ్బ పడ్డ దిక్కు, ఎత్తు రెండూ నీ బండి బంపర్‌తో కలవాలె. కలవకపోతే అది నీ లెక్కలోకి రాదు. ఆ రేకు తీసేస్తే పెయింటింగ్ 6,000. పని తగ్గినంక లేబర్ 1,800 సరిపోతది. మొత్తం 20,900.

ఇంకో ఖర్చు ఆయన అడగలేదు, నువ్వే ఎత్తు. బండి షెడ్డులో ఉన్నన్ని దినాలు ఆయన ఆదిలాబాద్‌కు బస్సులో తిరగాలె, లేకుంటే ఆటో మాట్లాడుకోవాలె. అది కూడా నీ దెబ్బ వల్ల పడ్డ నష్టమే. దానికి 1,500 కలిపి 22,400 అని చెప్పు. తగ్గించుకునేటప్పుడే కాదు, ఇయ్యాల్సిన చోట కూడా లెక్క తెలిసినోడివని అప్పుడు ఆయనకు అర్థమైతది. ఇవన్నీ నా అంచనాలు. షెడ్డులో బండి చూసినంక వెయ్యి, రెండు వేలు అటూఇటూ అయితే పట్టుబట్టకు.

పన్ను సంగతి కూడా అడుగు. షోరూంలో చేయిస్తే జీఎస్టీ పడుతది, జీఎస్టీ నంబరున్న బిల్లు ఇస్తరు. అట్లైతే ఆ పన్ను కూడా నువ్వే ఇయ్యాలె. షెడ్డులో చేయించి పన్ను కట్టకుంటే బిల్లులో పన్ను వరుస ఉండొద్దు.

నీ దోస్తు ఎవరో "పాత బండి కదా, తరుగుదల తీసేసి సగమే ఇయ్యి" అన్నడని రాసినవు. ఇన్సూరెన్స్‌లో ఆ లెక్క ఉన్నమాట నిజమే. సొంత పాలసీ మీద క్లెయిమ్ చేసుకుంటే ప్లాస్టిక్, రబ్బరు సామానుకు సగం కోస్తరు. రేకు సామానుకు బండి వయసును బట్టి కోత: నాలుగు నుంచి ఐదేండ్ల బండికి 35 శాతం, ఐదు దాటితే 40, పదేండ్లు దాటితే 50. కానీ అది కంపెనీకీ పాలసీదారుకూ మధ్య ఒప్పందం. ఆయన నీతో అట్లాంటి ఒప్పందమేదీ చేసుకోలేదు. ఆయన బంపర్ పాతదే అయినా పగలకుండా ఉన్నది, నువ్వు పగలగొట్టినవు. సగం బంపర్ ఎక్కడా దొరకదు. చేతికందిన ప్రతి వాదననూ వాడాలని లేదు అల్లుడా, ఇది వాడకు.

"ఇన్సూరెన్స్‌తో కట్టిస్తే పోతది కదా" అని కూడా అడిగినవు. రెండు దారులున్నయి. మొదటిది నీ థర్డ్ పార్టీ పాలసీ. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం అది లేకుండా బండి రోడ్డెక్కొద్దు. ప్రైవేటు కారు పాలసీలో ఎదుటోళ్ల ఆస్తి నష్టానికి మామూలుగా 7,50,000 దాకా రక్షణ ఉంటది. ప్రీమియం తగ్గించుకోవడానికి 6,000కే పరిమితం చేసుకున్నోళ్లూ ఉంటరు, నీ పాలసీ తీసి చూసుకో. కానీ ఆ పైసలు రావాలంటే ఆయన జిల్లా కోర్టులోని మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు పోవాలె. 2022 ఏప్రిల్ 1 నుంచి దరఖాస్తుకు ఆరు నెలల గడువు పెట్టిండ్రు. పోలీసు కాయితాలు, వకీలు, వాయిదాలు. ఇరవై వేల కోసం ఆయన్ని ఆ తొవ్వలోకి నెట్టడం అన్యాయం.

రెండోది ఆయన సొంత పాలసీ. ఆ తొవ్వలో పైన చెప్పిన కోతలు ఆయన మీద పడుతయి. దాని మీద ప్రతి క్లెయిమ్‌లో ఆయనే భరించాల్సిన కంపల్సరీ డిడక్టబుల్, 1500 సీసీ లోపు బండికి 1,000, ఆ పైన 2,000. అన్నిటికన్నా పెద్దది నో క్లెయిమ్ బోనస్. ఏడాదికేడాది 20, 25, 35, 45, 50 శాతం దాకా పెరిగిన ప్రీమియం రాయితీ ఒక్క క్లెయిమ్‌తో సున్నా అయితది. నీ తప్పుకు ఆయన ఏండ్ల తరబడి కూడబెట్టుకున్నది పోగొట్టుకోవాల్నా? ఆయనే ఆ దారి కోరుకుంటే మాత్రం కోతలు, పోయిన బోనస్ నువ్వు పూడ్చాలె. అప్పుడు కంపెనీ తను కట్టిన పైసల కోసం నీ మీదికి రావచ్చు, అది కూడా తెలిసి ఉండు.

ఇక్కడ ఒక జాగ్రత్త. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవద్దు, పైసలిస్తనని మాటియ్యొద్దు అని నీ పాలసీ షరతుల్లో ఉంటది. కంపెనీతో కట్టించే ఆలోచన ఉంటే ముందు వాళ్లకు రాయాలె. నీ జేబులోంచి ఇస్తే ఆ పైసలు తర్వాత కంపెనీ తిరిగియ్యదని తెలిసే ఇయ్యి. ఇంత చిన్న నష్టానికి నా సలహా జేబులోంచి ఇచ్చెయ్యమనే. అయినా ప్రమాదం జరిగిందని కంపెనీకి రాసి పెట్టు. ఎదుటోళ్ల ఆస్తికి నష్టం జరిగినా 24 గంటల్లో పోలీసు స్టేషన్‌లో చెప్పాలని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ అంటది. నువ్వు చెప్పలేదు, గడువు దాటింది. అయినా ఆ పని ఇప్పుడైనా చేసేయి, దాచినట్టు ఉండొద్దు.

పోలీసుల పేరు చెప్పి ఆయన్ని బెదిరించకు, ఆయన బెదిరిస్తే బెదరకు. కేసు సంగతి వాళ్లు చూస్తరు గానీ, బంపర్ ధర ఎంతో తేల్చడం వాళ్ల పని కాదు. మన చుట్టూ గోండు గూడేల్లో తగువులు తీర్చే రాయి సెంటర్లు ఈనాటికీ నడుస్తున్నయి. పెద్దలు ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరి మాట ఇంకొకరు వినంగ అడుగుతరు.  వాట్సాప్‌లో మీరిద్దరూ చేస్తున్నది దానికి పూర్తిగా ఉల్టా. ఆయన పంపిన కాయితాన్ని నువ్వు ఒంటరిగా చూసి కోపం పెంచుకుంటున్నవు, నీ మౌనాన్ని చూసి ఆయన పెంచుకుంటున్నడు.

కాబట్టి వచ్చే ఆదివారం ఊరికి రా. ఆయన్ని, ఆయనకు నమ్మకమున్న మెకానిక్‌ను బండి దగ్గరికి పిలువు. ఇంకో షెడ్డులో రెండో ఎస్టిమేట్ నేను తీసి ఉంచుత. బండి ముందర నిలబడి ఒక్కో వరుస చదవండి. పాత గీత సంగతి చెప్పేటప్పుడు "మోసం" అనే మాట నీ నోట రావొద్దు. చాలా మందికి తమ బండి మీది పాత గీతలు గుర్తే ఉండవు, ఎస్టిమేట్ రాసేటోడు కనిపించిందంతా రాస్తడు. "ఇది తుప్పు పట్టింది కదన్నా, ముందుదేమో చూడండి" అను చాలు. పని అయినంక పాత బంపర్, పాత లైటు చూపించమని షెడ్డాయనకు ముందే చెప్పి పెట్టు.

తేలినంక ఒక కాయితం రాసుకోండి. తేదీ, చోటు, రెండు బండ్ల నంబర్లు, తేలిన మొత్తం. ఈ ప్రమాదంలో బండికి జరిగిన నష్టానికి ఇంక అడిగేది లేదని, ఇదే నష్టానికి ఇన్సూరెన్స్ క్లెయిమ్ చెయ్యలేదు, చెయ్యనని ఆయన రాయాలె. ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు. పైసలు నగదుగా ఇయ్యకు, ఫోన్‌పే గాని బ్యాంకు గాని, రుజువుండేట్టు పంపు. సగం పని మొదలైనప్పుడు, సగం బండి బయటికొచ్చినప్పుడు.

ఆయన ఒప్పుకోలేదనుకో. కొట్లాడకు. 22,400 ఎట్లా వచ్చిందో వరుసల వారీగా రాసి పంపు, ఇయ్యడానికి సిద్ధంగా ఉన్ననని చెప్పు. తర్వాత ఇద్దరూ మండల న్యాయసేవల కమిటీకి దరఖాస్తు పెట్టండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెడుతరు, ఫీజు లేదు. అక్కడ రాజీ కుదిరితే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. వినియోగదారుల కమిషన్‌కు పోత అన్నవు కానీ, అది షెడ్డో, కంపెనీయో సేవలో లోపం చేస్తే పోయే చోటు. గుద్దుకున్న ఇద్దరు బండోళ్ల తగువు అక్కడ చెల్లదు.

నువ్వు హైదరాబాద్‌లో ఉంటవు, నీ అమ్మానాయినలు ఇక్కడుంటరు. ఆయనా వాళ్లూ సంతలో, బస్టాండ్‌లో ఎదురుపడుతనే ఉంటరు. ఆయనతో నువ్వు నిజాయితీగా లెక్క తేల్చుకుంటే వాళ్లు తల దించుకునే అవసరం రాదు. ఎక్కువ కట్టి నష్టపోవాలని నేను అనడం లేదు, పైస కూడా ఊరికే ఇయ్యకు. నీ వంతు ఎంతో తెలుసుకుని, అంతా ఇచ్చేయి.

ఈ ఉత్తరం అందిన రోజే ఆయనకు ఫోన్ చెయ్యి. మొదటి మాట "అన్నా, తప్పు నాదే, ఆదివారం వస్తున్న, కలిసి బండి చూద్దాం" అని ఉండాలె. చేసినంక నాకు చెప్పు, ఆదివారం పొద్దున షెడ్డు దగ్గర నేనుంట.

నీ మామ