కాంతి ఒరగల్లు

పాఠ్య పరిచయం: పాతబడిన పరికరం పనికిరానిది కాదనీ, చూపు కన్నా పరీక్ష గొప్పదనీ ఈ పాఠం తెలియజేస్తుంది. శాస్త్ర విషయాన్ని సులభమైన తెలుగులో వివరించే పద్ధతిని విద్యార్థులు దీని ద్వారా గ్రహించాలి.

బంగారాన్ని పరీక్షించే స్వర్ణకారుణ్ణి మీరు చూసే ఉంటారు. అతడు నల్లని ఒరగల్లుపై నగతో ఒక గీత గీస్తాడు. దాని పక్కనే, నాణ్యత తెలిసిన బంగారంతో మరొక గీత గీస్తాడు. వెలుగు పడేటట్లు రాతిని వంచి, రెండు గీతల వన్నెలను పోల్చి చూస్తాడు. ప్రాచీన కావ్యాలలో నికషోపలమని ప్రసిద్ధి పొందిన రాయి ఇదే. నునుపైన తలం, దానిపై పడి తిరిగివచ్చే వెలుగు, తెలిసిన వస్తువుతో పోలిక – ఈ మూడే ఆ పరీక్షకు ఆధారాలు. పరావర్తన కాంతి సూక్ష్మదర్శినికి కూడా ఇవే ఆధారాలు.

జీవశాస్త్ర ప్రయోగశాలలోని సూక్ష్మదర్శినిలో వెలుగు కింది నుంచి వస్తుంది. ఉల్లిపొర గుండా ప్రయాణించి కంటిని చేరుతుంది. లోహాలు, అనేక ముడిఖనిజాలు వెలుగును తమ గుండా పోనివ్వవు. అందువల్ల వాటిపైకి వెలుగును పై నుంచే పంపాలి. ఇందుకోసం గొట్టంలో 45 డిగ్రీల వాలులో ఒక పలుచని గాజు పలకను అమరుస్తారు. పక్కనున్న దీపపు కాంతి ఆ పలకపై పడి, వస్తుకటకం గుండా కిందికి దిగి, రాతి తలాన్ని తాకి, అదే కటకం గుండా పైకి వస్తుంది. ఇంగ్లండులోని షెఫీల్డుకు చెందిన హెన్రీ క్లిఫ్టన్ సోర్బీ 1863–64 ప్రాంతంలో నునుపు చేసిన ఉక్కును ఇలాగే పరావర్తన కాంతిలో పరిశీలించి, లోహాల అంతర్నిర్మాణ అధ్యయనానికి బాట వేశాడు.

మన అనంతపురం ప్రాంతానికి ఈ విద్యతో దగ్గరి సంబంధం ఉంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే ఈ పీఠభూమి నీటికి పేదదే గాని రాళ్లకు కాదు. వజ్రకరూరు వజ్రాలకు ప్రసిద్ధి. రామగిరి బంగారానికి ప్రసిద్ధి. 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన రామగిరిలో పూర్వకాలపు తవ్వకాల గుంతలున్నాయి. 20వ శతాబ్ది తొలి దశకాల్లో ఆంగ్లేయ కంపెనీలు అక్కడ గనులు నడిపాయి. తరువాత భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ చేపట్టిన తవ్వకాలు 2001లో నిలిచిపోయాయి. అక్కడి బంగారం పలుగురాతి చారల్లో ఉంటుంది. అటువంటి చారల్లోనే పైరైటు కూడా పసుపు వన్నెతో మెరుస్తూ ఉంటుంది. ‘మెరిసేదంతా బంగారం కాదు’ అనే లోకోక్తికి అది ప్రత్యక్ష నిదర్శనం.

కొన్నేళ్ల కిందట నా మిత్రుడైన భూగర్భశాస్త్ర అధ్యాపకుడు, పాత సామాను గదిలో పడి ఉన్న ఇత్తడి సూక్ష్మదర్శినిని బాగుచేయ పూనుకున్నాడు. నేనూ సాయపడ్డాను. తొలినాడే నా చేత ఒక అపరాధం జరిగింది. తళతళలాడాలన్న ఆశతో గొట్టాన్ని స్పిరిటుతో తుడిచాను. ఇత్తడిని కాపాడే లక్కపూత కరిగిపోయింది. ఆ మచ్చ నేటికీ ఉంది. “కటకాన్ని స్పిరిటులో ముంచి ఉంటే రెండు గాజుబిళ్లలను కలిపిన జిగురు కూడా కరిగేది. తొందర పనికిరాదు” అన్నాడు మిత్రుడు.

ఆపై అతడు చెప్పినట్లే చేశాం. కటకాలపై దుమ్మును ముందు రబ్బరు బుడ్డితో ఊదాం. గుడ్డతో తుడిస్తే ఇసుక రేణువులు గాజును గీరుతాయి. బిగుసుకుపోయిన మర చక్రాలలోని ఎండిన గ్రీజును కిరోసిన్‌తో తొలగించి, కొత్త గ్రీజును పలుచగా రాశాం. మాడిపోయిన బల్బు స్థానంలో తెల్లని ఎల్‌ఈడీ దీపాన్ని అమర్చాం.

ఇంతలో ఒక విద్యార్థి తండ్రితో కలిసి వచ్చాడు. బావి తవ్వుతుండగా పసుపు గింజలున్న రాయి దొరికిందట. ఎవరో దళారి పరీక్ష చేయిస్తానని పెద్ద మొత్తం అడిగాడట. విత్తనాల కోసం దాచిన సొమ్మును ఇవ్వాలా వద్దా అన్నది ఆ రైతు సందేహం.

రాతిముక్కను, స్వర్ణకారుడిచ్చిన బంగారపు రజనును ఒకే రెసిన్ బిళ్లలో పక్కపక్కన బిగించాం. కార్బోరండం పొడితో అరగదీసి, చివరకు వజ్రపు పొడి కలిసిన ముద్దతో నునుపు చేశాం. సూక్ష్మదర్శిని కింద పలుగురాయి బూడిద వన్నెలో కనిపించింది. అది తనపై పడిన వెలుగులో నూటికి 5 వంతులే తిప్పి పంపుతుంది. పైరైటు 50 వంతులకు పైగా పంపుతుంది. బంగారం పసుపు కాంతిలో 80 వంతులకు పైగా పంపి, నీలిని మాత్రం చాలావరకు మింగివేస్తుంది. దాని వన్నెకు కారణం అదే. బంగారపు రజను పక్కన రైతు తెచ్చిన గింజలు పాలిపోయి కనిపించాయి.

తరువాత దీపం దారికి సగం అడ్డుగా పోస్టుకార్డు ముక్కను ఉంచాం. ఏటవాలు వెలుగులో గింజల అంచులు గట్ల వలె పైకి తేలాయి. అవి గట్టివి కనుక తక్కువ అరిగాయి. 1950లలో జార్జ్ నొమార్‌స్కీ ధ్రువిత కాంతినీ ప్రత్యేక పట్టకాన్నీ ఉపయోగించి, ఇటువంటి ఎత్తుపల్లాలను ఎంతో సూక్ష్మంగా చూపే పద్ధతిని కల్పించాడు. మాకు ఆ పట్టకం లేదు, కార్డుముక్కే దిక్కైంది. ఆఖరున సూదితో గీరాం. రజనుపై గీత పడింది. గింజలపై పడలేదు.

“అయితే బంగారం కాదంటారా సార్?” అన్నాడు రైతు.

“కాదు పెద్దాయనా, ఇది పైరైటు. ఈ తలంపై కనిపించినంతవరకే మేము చెప్పగలం. లోపల కంటికందని బంగారమేదైనా ఉందా అన్నది రసాయన పరీక్షే తేల్చాలి. దానికి ప్రభుత్వ సంస్థలున్నాయి. దళారికి మాత్రం డబ్బివ్వకండి” అన్నాడు మిత్రుడు.

రైతు ముఖంలో ఆశ ఆరిపోవడం చూసి నాకు బాధ కలిగింది. కాని ఆ ఏడాది ఆయన వేరుశనగ విత్తనం అప్పు లేకుండా కొన్నాడని విద్యార్థి చెప్పినప్పుడు, పాత ఇత్తడి గొట్టం విలువ నాకు బోధపడింది. సత్యం ఎల్లప్పుడూ మనం కోరుకున్న వన్నెలో ఉండదు. అయినా దాన్ని తెలుసుకోవడమే మేలు.

అర్థాలు
నికషోపలం = ఒరగల్లు
పరావర్తనం = వెలుగు తాకి తిరిగి రావడం
రజను = పొడి
దళారి = మధ్యవర్తి

ప్రశ్నలు
1. ఒరగల్లుకు, పరావర్తన కాంతి సూక్ష్మదర్శినికి గల పోలికలను వివరించండి.
2. పాత సూక్ష్మదర్శినిని బాగుచేసేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలేవి?
3. రైతు తెచ్చిన గింజలు బంగారం కావని ఏ ఆధారాలతో నిర్ణయించారు?
4. ‘ఈ తలంపై కనిపించినంతవరకే మేము చెప్పగలం’ – సందర్భసహిత వ్యాఖ్య రాయండి.