జావా వెబ్ సర్వర్‌కు ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ పెట్టుకోవడం ఎలా?

ఎం.సి.ఎ., బి.టెక్. పూర్తి చేసి చిన్నచిన్న కంపెనీల్లో చేరిన మన హాస్టల్ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మొదటి ఏడాదిలోనే తగిలే పని ఒకటుంది. "ఈ సైటుకు ఎస్‌ఎస్‌ఎల్ పెట్టు" అంటారు పైవాళ్ళు. కాలేజీలో జావా పాఠం చాలాచోట్ల సర్వ్‌లెట్లు, జె.ఎస్.పి. దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి టామ్‌క్యాట్ సర్వర్‌ను ఉదాహరణగా తీసుకుని ఆ పని ఇక్కడ వివరిస్తున్నాను.

స్కాలర్‌షిప్ దరఖాస్తులాంటి ఫారం ఒకటి ఊహించుకోండి. అందులో విద్యార్థి ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, పాస్‌వర్డ్ ఉంటాయి. ఎస్‌ఎస్‌ఎల్ లేకపోతే అవన్నీ పోస్టుకార్డు మీది రాతలాగా బహిరంగంగా వెళ్తాయి. దారిలో ఉన్నవాడెవడైనా చదవవచ్చు. అయితే రాతను రహస్య లిపిలోకి మార్చినంత మాత్రాన సరిపోదు. అవతల అందుకునేది నిజంగా ఆ సైటేనా అన్నది కూడా తేలాలి. సర్టిఫికెట్ ఉన్నది ఇందుకే.

ఈ సంగతి మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. కుల ధ్రువీకరణ పత్రం మీద మన సంతకం మనమే పెట్టుకుంటే హాస్టల్లో సీటు ఇస్తారా? ఎమ్మార్వో సంతకం కావాలి. ఆయన సంతకం చెల్లేది ప్రభుత్వం ఆయనకు ఆ అధికారం ఇచ్చింది కాబట్టి. ఇక్కడా అంతే. బ్రౌజర్ ముందే నమ్మిన కొన్ని మూల సంస్థలుంటాయి. అవి మధ్యస్థ సర్టిఫికెట్లకు అధికారం ఇస్తాయి. వాటి సంతకంతో మన సైటుకు సర్టిఫికెట్ వస్తుంది. మనమే తయారుచేసి మనమే సంతకం చేసుకున్నది నేర్చుకోవడానికి పనికొస్తుంది గాని, జనం వాడే సైటుకు పనికిరాదు. పై సంస్థల్లోనూ తప్పులు జరుగుతాయి లెండి. 2014 జులైలో మన దేశంలోని ఎన్.ఐ.సి. నుంచి గూగుల్ సైట్ల పేరిట అనధికార సర్టిఫికెట్లు జారీ అయినట్లు బయటపడింది. ఆ మధ్యస్థ సర్టిఫికెట్లను వెంటనే రద్దు చేశారు.

పేరు విషయంలో ఒక మాట. ఎస్‌ఎస్‌ఎల్‌ను నెట్‌స్కేప్ కంపెనీ 1995లో బయటికి తెచ్చింది. 1999 నుంచి దాని వారసుడు టి.ఎల్.ఎస్. నోటి అలవాటుగా పాత పేరే నిలిచింది. సర్వర్‌లో మాత్రం టి.ఎల్.ఎస్. 1.2, 1.3 తప్ప పాతవి తెరిచి ఉంచకండి.

ఇక పనిలోకి దిగుదాం. జావాతోపాటే కీటూల్ అనే పనిముట్టు వస్తుంది. దానిలో జెన్‌కీపెయిర్ ఆదేశం ఇస్తే రెండు తాళంచెవులు పుడతాయి, ఒకటి రహస్యం, ఒకటి బహిరంగం. రెండూ కీస్టోర్ అనే ఫైల్లో ఒక మారుపేరు కింద చేరతాయి. దాన్నే అలియాస్ అంటారు. అప్పుడు కీటూల్ అడిగే మొదటి ప్రశ్న "మీ మొదటి పేరు, ఇంటిపేరు ఏమిటి?" అని. కొత్తవాళ్ళు అమాయకంగా సొంత పేరు కొట్టేస్తారు. అక్కడ ఇవ్వాల్సింది సైటు పూర్తి పేరు! అదీ చాలదు. 2017 నుంచి క్రోమ్ ఆ గడిలోని పేరును లెక్కలోకి తీసుకోవడం మానేసింది. సైటు పేరు ప్రత్యామ్నాయ నామాల గడిలో, అంటే శాన్‌లో, ఉండి తీరాలి.

తర్వాత సెర్ట్‌రెక్ ఆదేశంతో దరఖాస్తు ఫైలు తయారుచేసి సర్టిఫికెట్ సంస్థకు పంపాలి. అందులో బహిరంగ తాళంచెవి మాత్రమే ఉంటుంది. రహస్యమైనది మీ సర్వర్ దాటకూడదు. కీస్టోర్‌ను ఈమెయిల్‌లో పంపమని ఎవరడిగినా ఇవ్వకండి. అలాగని దాన్ని పోగొట్టుకున్నా చిక్కే. డబ్బు పోసి కొన్న సర్టిఫికెట్ చేతికొచ్చేలోపు ఆ ఫైలు చెరిగిపోతే, వచ్చిన సర్టిఫికెట్ తాళంచెవి లేని తాళమే. కాబట్టి భద్రమైన చోట ఒక నకలు ఉంచండి.

సర్టిఫికెట్ వచ్చాక చాలామంది తడబడేది ఎక్కించే వరుసలోనే. ముందు మూల, మధ్యస్థ సర్టిఫికెట్లు ఎక్కించాలి. ఆ తర్వాత మన సర్టిఫికెట్‌ను మొదట తాళంచెవులు పుట్టించిన అదే అలియాస్‌తో ఎక్కించాలి. వేరే అలియాస్ ఇస్తే కీటూల్ దాన్ని ఎవరో పరాయివాళ్ళ సర్టిఫికెట్‌గా దాచుకుంటుంది, రహస్య తాళంచెవితో జత చేయదు.

టామ్‌క్యాట్‌లో కాన్ఫ్ ఫోల్డర్‌లోని సర్వర్ డాట్ ఎక్స్ఎంఎల్ తెరిచి, 8443 పోర్టు కనెక్టర్‌లో కీస్టోర్ దారి, పాస్‌వర్డ్ రాయాలి. 8.5 వెర్షన్ నుంచి వీటిని ఎస్‌ఎస్‌ఎల్‌హోస్ట్‌కాన్ఫిగ్ లోపలి సర్టిఫికెట్ గడిలో పెడతారు. టామ్‌క్యాట్ అనుకునే పాస్‌వర్డ్ "ఛేంజిట్". మార్చమని దాని పేరే చెబుతోంది, అయినా మార్చని సర్వర్లు ఉంటూనే ఉంటాయి. లినక్స్‌లో 443 పోర్టు కోసం టామ్‌క్యాట్‌ను రూట్ యూజర్‌గా నడపడం ప్రమాదం. 443కు వచ్చినవాటిని 8443కు మళ్ళించండి, లేదా ముందు ఎన్‌జిన్‌ఎక్స్‌ను నిలబెట్టండి.

ఇంత చేశాక ఒక వింత ఎదురవుతుంది. మీ కంప్యూటర్లో సైటు చక్కగా తెరుచుకుంటుంది. అదే సైటును పిలిచే వేరే జావా ప్రోగ్రాం మాత్రం "పికిక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్" అని మొరాయిస్తుంది. ఎక్కువసార్లు కారణం మధ్యస్థ సర్టిఫికెట్‌ను సర్వర్ పంపకపోవడమే. కొన్ని బ్రౌజర్లు ఆ లోటును తామే పూడ్చుకుంటాయి, జావా మామూలుగా ఆ పని చేయదు. వెతికితే దీనికి సులువైన మందు దొరుకుతుంది, సర్టిఫికెట్ పరీక్షనే ఎత్తేసే పది లైన్ల కోడ్. దయచేసి అది వాడకండి. తలుపుకు తాళం వేసి పక్కగోడ పగలగొట్టినట్టు అవుతుంది, ఆ ఫారంలోని ఖాతా నంబర్లు మళ్ళీ దారినపోయేవాడి పాలవుతాయి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోని ఎస్ క్లయింట్ ఆదేశంతో సర్వర్ ఏయే సర్టిఫికెట్లు పంపుతోందో చూసి, లేనిదాన్ని చేర్చండి.

డబ్బు లేదని వెనకాడనక్కర్లేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2015 చివరి నుంచి ఉచితంగా ఇస్తోంది. మొదటి నుంచీ ఇచ్చిన గడువు 90 రోజులు. బ్రౌజర్ కంపెనీలు, సర్టిఫికెట్ సంస్థలు 2025లో చేసిన తీర్మానం ప్రకారం 2029 మార్చి 15 నుంచి ఏ సంస్థ ఇచ్చినా గరిష్ఠ గడువు 47 రోజులే. అందుకని పొడిగింపును క్యాలెండర్ మీద రాసుకోకుండా సర్వర్ తనంతట తానే చేసుకునేలా అమర్చండి. కొత్త ఫైలు వచ్చినా టామ్‌క్యాట్ మామూలుగా పాతదే పట్టుకుని ఉంటుంది. పొడిగింపు వెంటనే దాన్ని ఆపి మళ్ళీ మొదలుపెట్టే ఆదేశం కూడా ఆ అమరికలోనే చేర్చి, బ్రౌజర్లో సర్టిఫికెట్ తెరిచి గడువు తేదీ మారిందో లేదో చూసుకోండి.