ఆర్‌ఎన్‌ఆర్ 15048

బియ్యం కొట్లో తెలంగాణ సోనా బస్తా కనబడినప్పుడల్లా నాకు మా ఊరివాడు ఎదురైనట్టే ఉంటుంది. దాని అసలు పేరు ఆర్‌ఎన్‌ఆర్ 15048. ఆర్‌ఎన్‌ఆర్ అంటే మా రాజేంద్రనగర్. మార్టేరులో పుట్టిన వంగడాలకు ఎంటీయూ అనీ, జగిత్యాలలో పుట్టినవాటికి జేజీఎల్ అనీ పెట్టినట్టే ఇదీనూ. ఎంటీయూ 1010, జేజీఎల్ 3855 కలిస్తే పుట్టిన బిడ్డ మా 15048.

మరి ఆ అంకె? మా వీధిలో ఫీల్డ్ అసిస్టెంటుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకాయన ఉన్నాడు. అడిగితే నవ్వాడు. "పొలంల ఉన్నన్ని రోజులు మొక్కకు పేరుండదు సార్. నంబరే. నిలబడ్డంక పేరు పెడతరు."

వరి సంకరం ఎలా చేస్తారో కూడా ఆయనే చెప్పాడు. సాయంత్రం పూట, ఇంకా విచ్చుకోని వెన్ను పట్టుకుని, ఒక్కో పువ్వు కొస కత్తెరతో కత్తిరించి, లోపలున్న ఆరు పుప్పొడి తిత్తులూ తీసేయాలి. ఒక్కటి మిగిలినా పని చెడినట్టే. వెన్నుకు కాగితం సంచి తొడగాలి. మర్నాడు పొద్దున రెండో రకం వెన్ను తెచ్చి దాని మీద పుప్పొడి దులపాలి. తేదీ రాసి చీటీ కట్టాలి. పట్టే గింజలు కొన్నే. వాటి సంతానంలో వేల మొక్కలు పెంచి, చాలావాటిని వద్దనుకుని, ఆరేడు తరాలు ఏరుకుంటూ పోవాలి. ఆ తర్వాత ఊరూరా ప్రయోగాలు. అన్నీ కలిసి పదేళ్ల మాట. ఆ పదేళ్లలో ఒక్క రోజయినా ఆయన్ని "ఇవాళ మూడ్ ఉందా?" అని అడిగినవాడు లేడు.

మనమేమో అదే అడుగుతాం. "కథలు రాయాలనే ఉంది సార్, మూడ్ రావట్లేదు" అనే కుర్రాళ్లు వారానికొకరు తగులుతారు. మూడ్ కోసం ప్రేరణ వీడియోలు చూస్తారు. చూసినంతసేపూ ఒళ్లు పులకరిస్తుంది. ఆపగానే నిద్రొస్తుంది. నా సలహా ఒక్కటే: ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి. మీ కథలకు పేర్లు తర్వాత పెడుదురు గాని, ముందు నంబర్లు వేయండి. ఎప్పుడు మొదలెట్టారు, ఎన్నిసార్లు తిరగరాశారు, ఎక్కడికి పంపారు, ఎప్పుడు తిరిగొచ్చింది, ఎందుకొచ్చిందని మీకు తోస్తోంది. కథకో వరస. అంతే.

దీనివల్ల ఏమిటి లాభం? ఒకసారి నా తొమ్మిదో నంబరు కథ మూడోసారి తిరిగొచ్చింది. మొదటి రెండుసార్లూ సంపాదకుణ్ని తిట్టుకున్నాను. మూడోసారి నోట్‌బుక్ ముందేసుకుని పాత కథలన్నీ తిరగేశాను. పదకొండింటిలో ఏడు సూర్యోదయంతో మొదలయ్యాయి! మా బుద్వేల్లో నేను సూర్యోదయం చూసి ఎన్నేళ్లయిందో నాకే గుర్తులేదు. కోపంగా ఉన్నంతకాలం కనబడని తప్పు, వరసలో పెట్టి చూస్తే ఐదు నిమిషాల్లో బయటపడింది. తిరస్కారం అవమానంలా గుచ్చుకోవడం కూడా తగ్గింది. నోట్‌బుక్‌లో అది ఒక తేదీ మాత్రమే.

టైం లేదంటారా? వట్టికోట ఆళ్వారుస్వామిని తలుచుకోండి. 1915లో నల్గొండ జిల్లాలో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోతే ఒక పంతులుగారింట్లో వంట చేసిపెడుతూ చదువుకున్నాడు. హోటల్లో సర్వరుగా చేశాడు, పత్రికలో ప్రూఫులు దిద్దాడు. చేతిలో డబ్బు లేకుండానే 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మాడు. నిజాం వ్యతిరేక పోరాటంలో జైలుపాలయ్యాడు. ఆ జైలునూ వదల్లేదు, అక్కడి మనుషుల్నే కథలు చేసి 'జైలు లోపల' రాశాడు. 'ప్రజల మనిషి' నవలతో తెలంగాణ పల్లెను అచ్చుకెక్కించాడు. 'గంగు' రాస్తూ, పూర్తికాకుండానే 1961లో పోయాడు. నిజామాబాద్ జైల్లో ఆయనతో ఉన్న కవి దాశరథి, కాగితం దొరక్క గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశాడన్నది మన దగ్గర అందరికీ తెలిసిన ముచ్చటే. మనకు గోడలూ అక్కర్లేదు, బొగ్గూ అక్కర్లేదు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ వచ్చే బస్సులో సీటు దొరికితే చాలు. ఎక్స్‌ప్రెస్‌వే పైనుంచి కార్లు దూసుకుపోతుంటాయి, కింద మన బస్సు పిల్లర్ పిల్లర్‌కీ ఆగుతుంది. ఆగిన చోటల్లా నాలుగు వాక్యాలు ఫోన్లో కొట్టుకోవచ్చు. పైగా కథల్లోకొచ్చే జనం ఎక్కేదీ దిగేదీ కింది రోడ్డు మీదే.

అలాగని రోజూ ఇన్ని పేజీలని ఒట్టు పెట్టుకోమని నేననను. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలతో నాకు పేచీ అక్కడే. కాళీపట్నం రామారావు మాస్టారు 1940ల్లోనే కథలు రాయడం మొదలుపెట్టి, మధ్యలో కొన్నేళ్లు కలం పక్కన పెట్టేశారు. తర్వాత 1964లో వచ్చింది 'యజ్ఞం'. రాయని కాలం వేరు, మానేసిన కాలం వేరు. చదువుతూ, చూస్తూ ఉన్నవాడు మానేసినట్టు కాదు. ఆరునెలలుగా పుస్తకం తెరవకుండా "బ్లాక్ వచ్చింది" అనేవాడి సంగతి మాత్రం నేను చెప్పలేను.

అచ్చయితే పని అయిపోయిందనుకోవడం ఇంకో జబ్బు. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ఆడింది, 1897లో అచ్చయింది. ఇంకొకరైతే అక్కడితో సంతృప్తిపడేవారు. ఆయన దాన్ని దాదాపు కొత్త నాటకంలా తిరగరాసి 1909లో మళ్లీ అచ్చు వేశాడు. ఇవాళ మనం చదివేది, ఆడేది ఆ రెండోదే.

నా నోట్‌బుక్‌లో ఇరవై మూడో నంబరు నిన్న తిరిగొచ్చింది. సూర్యోదయం లేదు గాని, మొదటి పేజీ నిండా వానే. మొత్తం కొట్టేశాను. రెండో పేజీలో చెల్లెలు టిఫిన్ డబ్బాతో శివరాంపల్లిలో బస్సు దిగుతుంది. కథ అక్కడ మొదలవుతోంది. సాయంత్రం ఫెయిర్ కాపీ చేయాలి. కథతో పంపే హామీపత్రంలో "నా స్వీయ రచన, అనువాదం కాదు, అనుకరణ కాదు" అన్న వాక్యం అలాగే ఉంచి, కింద తేదీ మార్చాలి.