మరల మధ్య దాగిన శత్రువు

విద్యార్థులారా! నేలకు దిగబోయే విమానాన్ని ఎప్పుడైనా గమనించారా? అంతవరకు ముడుచుకొని ఉన్న కాళ్ళను అది కిందికి చాపుతుంది. ఆ కాళ్ళనూ, చక్రాలనూ కలిపి ల్యాండింగ్ గేర్ అంటారు. ఈ కాళ్ళను నడిపేది హైడ్రాలిక్ సాధనం.

మూసి ఉన్న పాత్రలోని ద్రవంపై కలిగించిన పీడనం అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందని పాస్కల్ సూత్రంలో చదువుకొన్నారు గదా! సిలిండరులోకి పంపుతో నూనెను నెడితే లోపలి ముషలకం కదులుతుంది. ముషలకానికి తగిలించిన కడ్డీ కాలిని పైకి లాగుతుంది. కాలు దిగేటప్పుడు నూనె సన్నని రంధ్రం గుండా పోవాలి. అందువల్ల బరువైన కాలు ఒక్కసారిగా పడిపోక మెల్లగా దిగుతుంది. అది సరిగా చాచుకొని గడియపడితే పైలట్ ముందు ఆకుపచ్చ దీపం వెలుగుతుంది.

2007 సెప్టెంబరు 9న డెన్మార్క్‌లో ఏం జరిగిందో చూడండి. స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ వారి డాష్ 8 విమానం కోపెన్‌హాగన్ నుంచి ఆల్బోర్గ్ నగరానికి చేరింది. అందులో 69 మంది ప్రయాణికులు, నలుగురు సిబ్బంది ఉన్నారు. కుడికాలు గడియపడలేదని పైలట్లు గుర్తించారు. కొంతసేపు ఆకాశంలో చక్కర్లు కొట్టి, అందరినీ సిద్ధపరచి దించారు. నేలను తాకాక కుడికాలు కూలిపోయింది. ప్రొపెల్లర్ రెక్కలు నేలకు కొట్టుకొని విరిగాయి. కొందరికి స్వల్ప గాయాలైనా ప్రాణనష్టం జరగలేదు. మూడు రోజులకే, 12వ తేదీన, లిథువేనియాలోని విల్నియస్‌లో ఆ సంస్థదే మరో డాష్ 8 కుడికాలు అలాగే కూలింది.

కారణం ఏమిటి? ముషలకపు కడ్డీ కొసకు ఒక భాగాన్ని మరలతో బిగిస్తారు. ఆ మరల మధ్య లోహక్షయం ప్రవేశించింది. ఇనుముకు తుప్పు పట్టడం కూడా లోహక్షయమే. మరలు తినివేయబడి పట్టు సడలింది, కొస ఊడిపోయింది. ఇక కాలిని మెల్లగా దించే ఆధారం లేదు. అది తన బరువుతో దబ్బున పడి దెబ్బతిన్నది, గడియపడలేదు. వెంటనే తయారీదారు బొంబార్డియర్, 10,000 సార్లకు పైగా దిగిన ఆ రకం విమానాలన్నిటినీ పరీక్షించమని కోరింది.

కథ అక్కడితో ముగియలేదు. అక్టోబరు 27న కోపెన్‌హాగన్‌లో మూడో విమానానికీ కుడికాలు సరిగా దిగలేదు. ఈసారి లోహక్షయం కాదు. చిన్న రబ్బరు రింగు ఒకటి ఉండకూడని చోటికి చేరి, నూనె పోయే రంధ్రాన్ని మూసివేసింది. నూనె కదలనిదే ముషలకం కదలదు గదా! మరునాడే ఆ సంస్థ ఈ రకం విమానాలను వాడడం మానివేసింది.

దీనినిబట్టి మనకు తెలిసేదేమిటి? బయటికి మెరిసే భాగం లోపల దెబ్బతిని ఉండవచ్చు. అందుకే విమానాలలో ముఖ్యమైన భాగాలు చెడేదాకా ఆగరు. ఎన్ని గంటలు ఎగిరింది, ఎన్నిసార్లు దిగింది అని లెక్క రాసి, గడువు రాగానే విప్పి చూస్తారు. విప్పడం ఎంత ముఖ్యమో, తిరిగి బిగించేటప్పుడు ప్రతి చిన్న రింగూ తన చోటనే ఉన్నదా అని చూడడమూ అంతే ముఖ్యం. ప్రమాదం ఎదురైనప్పుడు పైలట్ నేర్పు కాపాడుతుంది. ప్రమాదమే రాకుండా చేసేది మెకానిక్ శ్రద్ధ.

మీరే చేసి చూడండి: పూతలేని ఇనుప బోల్టులు, నట్టులు రెండు జతలు తీసుకోండి. ఒకదాని మరలకు గ్రీజు రాసి బిగించండి, రెండోదాన్ని అలాగే బిగించండి. రెండింటినీ రోజూ ఒకసారి ఉప్పునీటిలో ముంచి, తీసి, పళ్ళెంలో ఉంచండి. రెండు వారాల తరువాత విప్పండి. ఏది సులువుగా వచ్చింది? మరల మధ్య ఏం కనిపించింది? మీ నోటుపుస్తకంలో రాసుకోండి.